పూర్వపక్షం చెప్పిన ముసుగు మనిషి

"నవ్వాడమ్మా! పెద్దాయన్ని ఎత్తుకుపోయాం, రేపు పొద్దున్నకల్లా చంపేస్తాం అని ముసుగువాడు బెదిరిస్తుంటే, అది చూసి వీడు పకపకా నవ్వాడు. ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి మీకు?"

స్పెషల్ బ్రాంచ్ ఆఫీసర్ మీసం దువ్వుకుంటూ అడిగాడు. ఆ మీసం కారణంగానే స్టేషన్లో అందరూ ఆయన్ని వెనకాల మీసాలాయన అంటారు. ఆయన ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డ మహిళా ఇన్‌స్పెక్టర్‌కీ ఓ పేరుంది. సన్నగా ఉంటుంది, మెత్తగా మాట్లాడుతుంది, గుచ్చితే మాత్రం నెత్తురు చూడందే వదలదు. అందుకని సూదమ్మ అంటారు. తనకున్న పేరు ఆయనకీ తెలుసు, తనకున్న పేరు ఆమెకీ తెలుసు. తెలియనట్టు ఉండడం ఉద్యోగ ధర్మం కనుక ఇద్దరూ అలాగే ఉంటారు.

"నవ్వడం ఏ సెక్షన్ కిందికి వస్తుంది సార్?" అంది సూదమ్మ.

"మీరు వెటకారాలాడండి. నాలుగు గంటలకి వాణ్ణి మా వాళ్ళు తీసుకెళతారు. ఆ తరవాత మీకేం పనిలేదు."

ఆ మాటతో సూదమ్మకు ఒళ్ళు మండింది. స్పెషల్ బ్రాంచ్ చట్టం కింద ఒకసారి వెళ్ళినవాడు ఎప్పుడు బయటికొస్తాడో దేవుడికే తెలియాలి. బెయిలు మాట అటుంచి, కన్నతల్లికి కూడా చూపించరు. లోపల గదిలో ఉన్న కుర్రాడికి నిండా ఇరవై ఎనిమిదేళ్ళు లేవు.

జరిగింది ఇదీ. యూనివర్సిటీలో మతాల చరిత్ర చెప్పే పెద్ద ప్రొఫెసర్ నిన్న సాయంత్రం తన గదిలోంచి మాయమైపోయాడు. ఇస్లాం గురించీ, ఆ మతం పేరు చెప్పుకుని తుపాకులు పట్టినవాళ్ళ గురించీ ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషి. ఆయన్ని చివరిగా కలిసింది ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న ఈ కుర్రాడే. ముస్లిం, పైగా గడ్డం పెంచాడు. మీసాలాయనకు ఇక ఆలోచించవలసిన పని లేకపోయింది. రాత్రికి రాత్రే తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. పొద్దున టీవీలో ముసుగు మనిషి వీడియో వచ్చింది. ప్రొఫెసర్ మతద్రోహి అట, అందుకని శిక్షిస్తున్నారట. లోపల ఉన్నవాడు బయట వీడియో ఎలా తీశాడయ్యా అంటే, ముఠా ఉంది అన్నాడు మీసాలాయన.

"మనిషి తప్పిపోయిన కేసు నా స్టేషన్లో నమోదైంది సార్. నాలుగింటిదాకా అతను నా మనిషే," అని చెప్పి సూదమ్మ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

కుర్రాడు కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. నిద్ర లేక కళ్ళు ఎర్రబడ్డాయి. సూదమ్మ టీ గ్లాసు ముందుకు జరిపి, ఎదురుగా కూర్చుంది.

"ఎందుకు నవ్వావు?"

"తప్పే మేడం. ఆ సమయంలో నవ్వకూడదు. మా సార్ గుర్తొచ్చి నవ్వొచ్చింది."

"ముసుగువాణ్ణి చూస్తే మీ సార్ గుర్తొచ్చారా?"

"వాణ్ణి చూసి కాదు, వాడి మాట విని. మధ్యలో ఒకచోట, 'మన పెద్దల్లో కొందరు దీనికి భిన్నంగా చెప్పారన్నది నిజమే' అన్నాడు చూడండి. ఆ మాట తీవ్రవాది అనడు మేడం. ప్రాణం పోయినా అనడు."

సూదమ్మ కలం పక్కన పెట్టేసింది. కుర్రాడు టీ ఒక గుక్క తాగి, గొంతు సవరించుకున్నాడు. మాట్లాడేది తన చదువు గురించి కావడంతో కాబోలు, కుర్చీలో వెనక్కి జరిగి కూర్చున్నాడు.

"మా సార్ దగ్గర ఒక నియమం ఉంది. ఏ విషయమైనా సరే, ముందు ఎదుటివాడి వాదన చెప్పాలి. అదీ ఎట్లా? ఎదుటివాడే విని, 'అవును, నేను ఇంత బాగా చెప్పలేకపోయాను' అనుకునేట్టు చెప్పాలి. ఆ తరవాతే మన మాట. దాన్ని సార్ పూర్వపక్షం అంటారు. పూర్వపక్షం లేకుండా పేజీ రాసుకెళితే చదవరు, చేతిలో పెట్టి పంపించేస్తారు. అంతకుముందు మొదటి రోజే ఇంకొకటి నేర్పుతారు, ఏ మతం గ్రంథమైనా నేల మీద పెట్టకూడదు, పైకెత్తి పెట్టాలి అని. నేను మూడేళ్ళుగా ఇలాంటి వీడియోలే చూస్తున్నాను మేడం, నా పరిశోధనే అది. ఒక్కదాంట్లో కూడా 'భిన్నాభిప్రాయం ఉంది' అన్న ముక్క వినలేదు. ఉందని తెలిస్తే వినే కుర్రాడు ఆలోచిస్తాడు. ఆలోచించాడంటే వీళ్ళ చేతిలోంచి జారిపోతాడు."

"ఇంతకీ కుర్రాళ్ళు ఎందుకు చేరతారోయ్ వాళ్ళలో? నాకు అర్థమయ్యేట్టు చెప్పు."

"పండితుల్లోనే పడదు మేడం. ఒకాయన, అంతా ఆ గ్రంథంలోనే ఉంది, దాన్ని గట్టిగా పట్టుకున్నవాడు చివరికి అటే పోతాడు అంటాడు. ఇంకొకాయన, కోపం ముందు పుడుతుంది, మతాన్ని తరవాత చొక్కాలాగా తొడుక్కుంటారు అంటాడు. మరొకాయన, అదీ కాదు ఇదీ కాదు, జైళ్ళూ యుద్ధాలూ అవమానాలూ చూడండి అంటాడు. మూడింటికీ ఆధారాలున్నాయి, మూడింటికీ కంతలున్నాయి."

"మీ సార్ ఏమంటారు?"

"సిద్ధాంతం తరవాత, ముందు ఆ కుర్రాడి పేరు కనుక్కో, వాళ్ళమ్మతో మాట్లాడు అంటారు."

సూదమ్మకు ఆ ప్రొఫెసర్ మీద చూడకుండానే గౌరవం పుట్టింది. పోలీసు పనికీ ఆయన పనికీ ఆట్టే తేడా లేదనిపించింది.

"అయితే ఆ మాట రాసింది మీ సార్ దగ్గర చదివినవాడు."

"అవును మేడం." కుర్రాడు ఆగి, తలవంచుకున్నాడు. "అలా చదివినవాళ్ళలో నేనూ ఉన్నాను."

తన మెడకు తానే తాడు అందించే దొంగను సూదమ్మ సర్వీసులో చూడలేదు. ఇంకెవరున్నారని అడిగింది. చాలామంది పైదేశాల్లో ఉన్నారట. ఈ ఊళ్ళో మిగిలింది ఒక్కడు, అందరికంటే మొదటి శిష్యుడు. ఇప్పుడు రోజూ సాయంత్రం టీవీలో కనిపించే నిపుణుడు. జనం టీవీ మేధావి అని పిలుచుకుంటారు. తీవ్రవాదం వైపు ఎవరు వెళతారో ముందే పసిగట్టే పరీక్ష ఒకటి కనిపెట్టాడు. గడ్డం పెంచితే ఇన్ని మార్కులు, పాటలు వినడం మానేస్తే ఇన్ని మార్కులు. ఆ మార్కుల్నే మీసాలాయన పట్టుకు తిరుగుతున్నాడు. ఎక్కువ మార్కులొచ్చినవాళ్ళని లోపల పెట్టి మనసు మార్చడానికి స్పెషల్ బ్రాంచ్ సాయంతో ఒక కేంద్రం కూడా నడుపుతున్నాడు.

"ఆయనకీ మీ సార్‌కీ పడదా?"

"వచ్చే వారం ఆ పరీక్ష మీద వేసిన విచారణ సంఘం ముందు సార్ మాట్లాడాల్సి ఉంది. నా పరీక్ష ముందే పట్టుకున్న తొమ్మిదిమంది కుర్రాళ్ళు తరవాత నిజంగానే సరిహద్దు దాటి తీవ్రవాదుల్లో కలిశారు అని ఆయన ఎక్కడికెళ్ళినా చెబుతాడు. పరీక్షకి ఉన్న పేరంతా ఆ తొమ్మిదిమంది మీదే నిలబడింది. సార్ ఒక్కటే అడిగారు, వాళ్ళు దాటారని ఎవరు చూశారు అని."

సూదమ్మ లేచింది. తలుపు దగ్గరికి వెళ్ళేసరికి కుర్రాడు వెనక్కి పిలిచాడు.

"మేడం, టీవీలో వేసింది పూర్తిది కాదు. ఆ మాట తరవాత చటుక్కున అరుపుల్లోకి దూకింది. పూర్వపక్షం మొదలుపెట్టినవాడు పూర్తి చెయ్యకుండా ఉండలేడు. మధ్యలో ఎవరో కోసేశారు."

టీవీ స్టేషన్లో కత్తిరింపులు చేసే అమ్మాయి ఏ మాత్రం దాచలేదు.

"నేనే కోశానండీ, మూడు నిమిషాలు. క్లాసులో పాఠంలాగా ఉంది. అది వేస్తే జనం చానల్ మార్చేస్తారు."

"పోలీసులు అసలుది అడగలేదా?"

"ఒకాయన పొద్దున్నే వచ్చి, వేసిందే చాలన్నారు. పెద్ద మీసాలాయన."

"నువ్వు కాక పూర్తిగా ఎవరు చూశారు?"

"మా చీఫ్ కూర్చున్నారు గానీ, ఒక్క నిమిషానికే ఆవలించి లేచెళ్ళిపోయారు. ఇంకెవరూ లేరు."

సూదమ్మ ఆ మూడు నిమిషాలూ తన ఫోనులోకి ఎక్కించుకుని రెండుసార్లు విన్నది. అందులో విషయం అభయం గురించి. శత్రువైనా సరే, ఒకసారి అభయం ఇచ్చాక వాణ్ణి ముట్టుకోకూడదని పాత న్యాయవేత్తలు గట్టిగా చెప్పారు. ఆ అభయం ఎవరివ్వొచ్చు, ఇచ్చింది ఆడమనిషైతే ఏమిటి, బానిసైతే ఏమిటి అని ముసుగు మనిషి తాపీగా, ముద్దుగా వివరించి, ఆ తరవాత అదంతా కొట్టిపారేసి ప్రొఫెసర్ మీద విరుచుకుపడ్డాడు. ఖండన కంటే వివరణే బాగుంది. చదివినవాడి గొంతు వేరు, రాసినవాడి బుర్ర వేరు అని ఆమెకు అర్థమైపోయింది. చదువుతున్నవాడు రెండుచోట్ల ఊపిరి చాలక తడబడ్డాడు.

యూనివర్సిటీ గేటు దగ్గర జీపు ఆపి వాచ్‌మన్‌ని అడిగింది, నిన్న సాయంత్రం బయటి బళ్ళేమైనా వచ్చాయా అని.

"బయటివి ఏవీ రాలేదమ్మగారూ."

"అసలేవీ రాలేదా?"

"మీ బండొకటే వచ్చింది. నీలం వ్యాను. అద్దాలకి జాలీ ఉంటుంది చూడండి, అది. పోలీసు బండిని మేం ఆపం కదమ్మా."

సూదమ్మ ఆ మాట డైరీలో రాసుకుంది. ఆ వ్యాను తన స్టేషన్‌ది కాదు. ఎవరిదో ఆమెకు తెలుసు.

ప్రొఫెసర్ గది రెండో అంతస్తులో. తలుపు తీయగానే కాలు పెట్టే చోటు లేదు. అరల్లోని పుస్తకాలన్నీ నేల మీద గుట్టలుగా పడున్నాయి. బల్ల తిరగబడి ఉంది. కుర్చీ ఒకటి విరిగింది. మీసాలాయన అప్పటికే అక్కడ ఉన్నాడు. పక్కనే బూడిద రంగు కోటులో టీవీ మేధావి. కాసేపట్లో ఇదే గదిలోంచి విలేకరులతో మాట్లాడే ఏర్పాటట.

"రండి రండి," అన్నాడు మీసాలాయన. "పైన చూడండి. అన్ని పుస్తకాలూ నేల పాలయ్యాయి. పైన అరలో ఆకుపచ్చ గుడ్డ చుట్టినది ఒక్కటి మాత్రం భద్రంగా ఉంది. అది వాళ్ళ గ్రంథం. దాన్ని కింద పడెయ్యడానికి చేతులు రాలేదు. వాడి మతమేదో వాడే చెప్పాడు. దీనికి సూక్ష్మదర్శిని కావాలా?"

టీవీ మేధావి మెచ్చుకోలుగా తలాడించాడు.

సూదమ్మ మూలనున్న చెక్క స్టూలు లాక్కుని, ఎక్కి నిలబడింది. కింద నుంచి చూస్తే ఆకుపచ్చ గుడ్డ ఒక్కటే కనిపిస్తుంది. పైకెక్కితే దాని వెనక ఇంకా ఉన్నాయి. క్రైస్తవుల గ్రంథం, యూదుల గ్రంథం, హిందువుల గ్రంథం, తాటాకుల మీద రాసిన బౌద్ధుల ప్రతి ఒకటి. ఒక్కటీ నలగకుండా, వెన్నులన్నీ ఇటువైపు పెట్టి, ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఉన్నాయి.

"సార్, మీరు స్టూలెక్కారా?"

"ఎందుకు ఎక్కాలి? కనిపిస్తోందిగా."

"ఎక్కుంటే ఇంకో నాలుగు కనిపించేవి. తన మతమేదో తనే చెప్పే దొంగ అన్ని మతాలవీ ఎత్తి పెట్టాడేమిటండీ? మతోన్మాది అయితే ఒక్కటి దాచి, మిగతావి ముందుగా తొక్కేవాడు."

మీసాలాయన మొహం చిట్లించాడు. "చూడండమ్మా, కందకి లేని దురద కత్తిపీటకెందుకు? మీ కేసు తప్పిపోయిన మనిషి. వెతుక్కోండి. మతాలూ గ్రంథాలూ చూడ్డానికి ఈయన ఉన్నారు."

"అందుకే ఈయన్నే అడుగుతాను." సూదమ్మ స్టూలు దిగి చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. చేతిలో ఉన్నవి అలవాట్లు మాత్రమే. గ్రంథాల్ని ఎత్తి పెట్టే అలవాటు, ఎదుటివాడి మాట ముందు చెప్పే అలవాటు. కోర్టులో అలవాటుకి విలువ లేదు. పైగా అవే అలవాట్లు లాకప్పులో ఉన్న కుర్రాడికీ ఉన్నాయి. ఈ గదిలోంచి ఈయన విలేకరుల దగ్గరికి వెళ్ళేలోగా ఏదో ఒకటి తేలకపోతే ఆ పిల్లవాడి బతుకు బండలే.

"సార్, మీరు ఆ వీడియో చూశారు కదా?" అని వినయంగా మొదలుపెట్టింది.

"టీవీలో వేసింది పదిసార్లు చూశాను."

"టీవీలో వేసిందేనా? వీరు మీకు వేరే కాపీ ఏమైనా ఇచ్చారా?"

"వేరేది ఎక్కడిది?" అన్నాడు మీసాలాయన విసుగ్గా. "ఉన్నదే ఒకటి. అందరం అదే చూశాం."

"మంచిది. నేను రిపోర్టు రాయాలి సార్. ఆ ముసుగువాడు మహాపండితుడని కొందరంటున్నారు. నాకైతే వాడికి ఓనమాలు కూడా రావనిపించింది."

టీవీ మేధావి చిరునవ్వు నవ్వాడు. "అంత తేలిగ్గా తీసుకోకండి మేడం. ప్రమాదకరమైన తెలివి అది."

"ఏం తెలివండీ! ఒట్టి గాలి మాటలు. పుస్తకం మొహం చూసినవాడు కాడు."

చిరునవ్వు కొంచెం బిగుసుకుంది.

"అభయం సంగతే చూడండి," అంది సూదమ్మ, చెయ్యి గాల్లో తిప్పుతూ. "రాజు ఒక్కడిస్తేనే అభయం చెల్లుతుందని, ఆడవాళ్ళిస్తే చెల్లదని పాత పెద్దలంతా ఏకగ్రీవంగా అన్నారని వాడు చెప్పాడు. నాలాంటి దానికే తెలుసు అది తప్పని. పల్లెటూరి బడిలో పిల్లవాడు కూడా అంత తప్పు చెప్పడు. రచయిత అజ్ఞాని అని రాసి పడేస్తాను."

టీవీ మేధావి చెవులు ఎర్రబడ్డాయి. నోరు తెరిచి మూసుకున్నాడు. మీసాలాయన ఇదంతా ఏమిటో అంతుబట్టక గడియారం చూసుకుంటున్నాడు.

"అజ్ఞాని, పైగా బద్ధకస్తుడు," అని సూదమ్మ గట్టిగా చదువుతూ తన డైరీలో రాసుకోసాగింది. "ఎదుటివాళ్ళ వాదన సరిగ్గా అప్పజెప్పడం కూడా చేతకానివాడు. గురువన్నవాడి దగ్గర ఒక్క రోజు కూడా కూర్చుని..."

"కాదు!" అన్నాడు టీవీ మేధావి. ఇంతసేపు అణుచుకున్నది ఒక్కసారిగా పొంగింది. "తెలియకపోతే ఊరుకోండి, తప్పుగా చెప్పకండి! ఆడమనిషి ఇచ్చినా చెల్లుతుందనే కదా అతను అన్నది! బానిస ఇచ్చిన అభయం దగ్గర మాత్రమే పెద్దల్లో భేదం ఉందని, యజమాని యుద్ధానికి అనుమతించిన బానిస అయితే ఒక మాట, కాకపోతే ఒక మాట అని ఎంత స్పష్టంగా విడదీసి చెప్పాడు! మీరు వినకుండా..."

అక్కడ ఆగిపోయాడు.

మీసాలాయన గడియారం మీదనుంచి కళ్ళెత్తి, ఒకసారి ఆయన్నీ, ఒకసారి సూదమ్మనీ చూశాడు. ఆయన మూర్ఖుడు గానీ మందమతి కాడు.

"బానిసలేమిటి?" అన్నాడు నెమ్మదిగా. "నేను చూసినదాంట్లో బానిసలు లేరే."

సూదమ్మ ఫోను తీసి స్టూలు మీద పెట్టింది. తడబడే గొంతు ఆ మూడు నిమిషాల పాఠం అప్పజెప్పింది. ఆడమనిషి, బానిస, యజమాని అనుమతి, అన్నీ వరసగా వచ్చాయి. ఇది టీవీలో రాలేదనీ, పొద్దుననుంచీ కత్తిరించిన అమ్మాయీ తనూ తప్ప విన్నవాళ్ళు లేరనీ ఆమె వివరించింది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడం అందరూ విన్నదే. ఈయన భుజాలతో ఆగక, గుమ్మడికాయ బరువెంతో కూడా చెప్పాడు.

"ఊహించాను," అన్నాడు టీవీ మేధావి. "చదువుకున్నవాడెవడైనా అలాగే చెబుతాడు."

"చదువుకున్నవాళ్ళు అలాగే చెబుతారు, నిజమే. మీరు టీవీలో ఎప్పుడూ అలా చెప్పలేదు సార్. రోజూ అరుస్తారు. కానీ కూర్చుని బుద్ధిగా రాయవలసి వచ్చేసరికి మీ గురువు నేర్పింది చేతిలోకి వచ్చేసింది. గది చిందరవందర చెయ్యాలనుకున్నారు, చేశారు. గ్రంథాల దగ్గరికి వచ్చేసరికి ఆయన మొదటి రోజు నేర్పినట్టే ముందు పైకెత్తి పెట్టారు. ఆయన చదువు మీకు బాగా ఒంటబట్టింది. ఎక్కడున్నారు ఆయన?"

"నా లాయర్ వచ్చేదాకా ఒక్క మాట చెప్పను."

సూదమ్మ ఈ జవాబుకి భయపడుతూనే ఉంది. వీడు నోరు మూసుకుంటే ముసలాయన ప్రాణం గాల్లో దీపం. నీలం వ్యాను సంగతి ఎత్తాలి. ఎత్తితే అది మీసాలాయన మీదికే పోతుంది. ఆయన అడ్డం తిరిగితే అంతా బూడిదలో పోసిన పన్నీరు. అయినా తప్పదనుకుని ఆయనవైపు తిరిగింది.

"సార్, నిన్న సాయంత్రం మీ జాలీ వ్యాను ఈ గేట్లోకి వచ్చింది. వాచ్‌మన్ చూశాడు."

మీసాలాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. తరవాత ఆమెకు జవాబివ్వకుండా సూటిగా టీవీ మేధావి ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"ఆ వ్యాను మీ కేంద్రానికి ఇచ్చింది నేను. నిన్న సాయంత్రం నాకు ఫోన్ చేసి, కొత్తగా ఒకణ్ణి చేర్చుకుంటున్నాం, మీ అనుమతి కావాలన్నారు. పేరు కూడా అడగకుండా నేను సరేనన్నాను." ఆయన ఇంకో అడుగు ముందుకేశాడు. "నాచేతే ఆయన్ని లోపల పెట్టించావురా?"

టీవీ మేధావి గోడవైపు చూశాడు. ఆ చూపే జవాబు.

"మేడం," అన్నాడు మీసాలాయన. ఇన్నేళ్ళలో ఆమెను అమ్మా అనకుండా ఆయన పలకరించడం అదే మొదలు. "దారి నాకు తెలుసు. జీపు తియ్యమనండి."

టీవీ మేధావికి బేడీలు వేయించి జీపు వెనక కూర్చోబెట్టాక, ఎక్కేముందు సూదమ్మ స్టేషన్‌కి ఫోన్ చేసింది. "ఆ అబ్బాయిని గదిలోంచి తీసుకొచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టండి. స్పెషల్ బ్రాంచ్ వాళ్ళు వస్తే వాళ్ళ పెద్దాయనే వద్దన్నారని చెప్పండి." మీసాలాయన పక్కనుంచి ఫోన్ లాక్కుని, "అవును, నేనే వద్దన్నాను," అని అరిచాడు. సూదమ్మకు నవ్వాగలేదు.

కేంద్రం ఒకప్పటి గోదాము. బయట శుభ్రంగా సున్నం, లోపల ఇనప తలుపులు. స్పెషల్ బ్రాంచ్ ఆఫీసర్ స్వయంగా రావడం చూసి వార్డెన్ సెల్యూట్ కొట్టాడు. "కొత్తవాడు ఎక్కడ?" అని అడగ్గానే తడబడ్డాడు. ఆ తడబాటు సూదమ్మకు పొద్దుననుంచీ తెలిసిన గొంతు, ముసుగు మనిషిదే. చేతులు వెనక్కి విరిచి బేడీలు వేయించి, అతని నడుముకున్న తాళాల గుత్తి తీసుకుంది.

చివరి తలుపు తెరిచింది. చాప మీద పెద్ద ప్రొఫెసర్ కూర్చుని ఉన్నాడు. కళ్ళజోడుకి ఒక అద్దం లేదు. చొక్కా నలిగి ఉంది. మనిషి నిక్షేపంలా ఉన్నాడు.

సూదమ్మకు కళ్ళు చెమర్చాయి. దాచుకోలేదు. "మాస్టారూ, లేవగలరా? మిమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చాం."

"నాకేం కాలేదు తల్లీ. నేను ఒక్కణ్ణే రాను," అన్నాడాయన. "ముందు వీళ్ళని చూడు."

అప్పుడు చూసింది. గోడ వారగా, చీకట్లో, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కుర్రాళ్ళు. పాలిపోయిన మొహాలు, భుజాలదాకా జుట్టు. వెలుతురు పడేసరికి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

"ఎవరు మాస్టారూ వీళ్ళు?"

"సరిహద్దు దాటిన తొమ్మిదిమంది," అన్నాడు ప్రొఫెసర్. "లెక్కపెట్టుకో. తొమ్మిదిమందీ ఉన్నారు. వీళ్ళెవరూ తీవ్రవాదులు కాలేదమ్మా. పరీక్ష నిజం కావడం కోసం వీళ్ళని మాయం చెయ్యవలసి వచ్చింది. ఒకడు రెండేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు."

మీసాలాయన గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. టోపీ తీసేశాడు. "ఆ తొమ్మిది ఇళ్ళకీ వెళ్ళి చెప్పింది నేను," అన్నాడు. "మీ వాడు తీవ్రవాదుల్లో కలిశాడని తల్లులకి చెప్పింది నేను."

ఆ మాటకి ఒక కుర్రాడు తలెత్తాడు. అందరిలోకీ చిన్నవాడు.

"మా అమ్మకి చెప్పారా? నన్ను చూడ్డానికి ఇష్టం లేదంది, రానంది అని చెప్పారే మాకు?"

సూదమ్మ వెళ్ళి ఆ పిల్లవాడి పక్కన నేల మీద కూర్చుని, ఫోను చేతిలో పెట్టింది. నంబరు గుర్తు లేదన్నాడు.

"నాకు గుర్తుంది," అన్నాడు మీసాలాయన. వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, తనే నంబరు నొక్కాడు. అవతల ఆడగొంతు పలికింది. ఆయన తనెవరో చెప్పాడు. అంతే, ఆ గొంతు గదంతా వినిపించేలా లేచింది.

"మళ్ళీ ఎందుకు చేశావు? రెండేళ్ళుగా వీధిలో తలెత్తుకు తిరగలేదు నేను. ఇంకా ఏం మిగిలిందని చేశావు? వాడి శవం దొరికిందని చెప్పడానికా?"

మీసాలాయన ఫోను కుర్రాడి చెవికి ఆనించాడు.

"అమ్మా," అన్నాడు కుర్రాడు. "నేనే. నేను ఎక్కడికీ పోలేదమ్మా. ఈ ఊళ్ళోనే ఉన్నాను."